డ్రమ్ములో ఉడుము పిల్ల: అడుగున ఏం వెయ్యాలి, ఏం పెట్టాలి?

రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి పొద్దున ఏడయింది. హెబ్బగోడిలో మాది లైను ఇల్లు. ఒకే గది, మూలన వంట గట్టు, పైన రేకులు, బయట అందరికీ కలిపి ఒక కుళాయి. చేతులు కడుక్కుందామని పోతే, మేము పగిలిందని పక్కన పెట్టిన నీలం డ్రమ్ము మీద చెక్క మూత ఉంది, దాని మీద ఒక రాయి. లోపల ఏదో గీరుతున్న చప్పుడు. ఎలుక పడిందేమో అనుకున్నాను. మూత తీసి చూస్తే ఉడుము పిల్ల.

తోకతో కలిపి జానెడున్నర ఉంటుందేమో. ఒంటి మీద పసుపు చుక్కలు. చీలిన నాలుక బయటికీ లోపలికీ ఆడిస్తోంది. నన్ను చూసి గొంతు ఉబ్బించి బుస్సుమంది. భయపడి మూత పెట్టేశాను.

తొమ్మిదో తరగతి చదివే మా చిన్నోడిని నిద్ర లేపి అడిగితే ముందు ఏమీ తెలీదన్నాడు. తర్వాత ఏడుపు ముఖంతో అంతా చెప్పాడు.

2025 ఆగస్టులో మన వైపు మెట్రో నడవడం మొదలైంది కదా. స్టేషను ఎంత దగ్గరో అంత తొందరగా ఖాళీ స్థలాలు బిల్డింగులు అవుతున్నాయి. మా లైను వెనక రాళ్ళ గుట్ట, ముళ్ళ కంప ఉన్న సైటు ఒకటి ఉండేది. సెప్టెంబరులో అక్కడ జేసీబీ దిగింది. రాళ్ళు తిరగబడినప్పుడు ఈ పిల్ల బయటికి వచ్చింది. కుక్కలు చుట్టుకున్నాయంట. మావాడు చొక్కా విప్పి మీద వేసి పట్టుకొచ్చాడు. ప్రాణం కాపాడాలనే తెచ్చాడు, అందులో నాకు అనుమానం లేదు. తెచ్చాక మాత్రం వదల్లేకపోయాడు. రాకెట్ అని పేరు కూడా పెట్టాడు. నేను మూత తీసిన రోజుకి అది మా ఇంటికి వచ్చి ఆరు రోజులు.

ఆరు రోజుల్లో మావాడు చేసిన ప్రయోగాలు

ఈ సంగతి మన పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, బొమ్మసంద్ర, హెబ్బగోడి, చందాపుర వైపు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అందరివీ ఇలాంటి ఇళ్ళే, ఇలాంటి పిల్లలే. సెల్‌ఫోనులో విదేశాల వాళ్ళు ఉడుముల్ని భుజం మీద ఎక్కించుకుని తిరిగే వీడియోలు మన పిల్లలూ చూస్తున్నారు. అలాంటి జంతువు చేతికి దొరికితే వాళ్ళకి వచ్చే మొదటి ప్రశ్నలు రెండే. డబ్బాలో అడుగున ఏం వెయ్యాలి? తినడానికి ఏం పెట్టాలి? మావాడు ఈ రెండింటికీ తనకు తోచిన జవాబులు వెతికాడు. అవన్నీ తప్పే. అతని తప్పులు వరసగా చెబుతాను.

మొదటి రోజు అడుగున న్యూస్‌పేపరు వేశాడు. అది ఒక్క పూటలో చించి తడిపి ముద్ద చేసింది. కాలి గోళ్ళకి పట్టు దొరక్క జారుతోందని, రెండో రోజు నేను దిండ్లలోకి తెచ్చి పెట్టుకున్న మిల్లు దూది వేస్టు తీసి వేశాడు. మెత్తగా ఉంటుంది, చలికి వెచ్చగా ఉంటుంది అనుకున్నాడు. నాలుగో రోజు దూది కంపు కొడుతోందని తీసేసి, ప్లైవుడ్ కోసే షాపు నుంచి రంపపు పొట్టు తెచ్చాడు. ఐదో రోజు ఎవరో ఉడుములకి ఇసుక కావాలన్నారని సైటులో ఉన్న ఎం-శాండ్ బకెట్టుతో తెచ్చి పోశాడు.

తిండి విషయానికి వస్తే, మొదట పాలూ అన్నమూ పెట్టాడు. ముట్టలేదు. బన్ను పెట్టాడు. ముట్టలేదు. తర్వాత చికెన్ కొట్టులో ఎముక తీసిన ముక్కలు సన్నగా కోయించి పెట్టాడు. రెండు మూడు తినింది. వాడికి పండగే! మధ్యలో ఇంట్లో పట్టిన బొద్దింకలు కూడా వేశాడు. మేము బొద్దింకలకి గట్టు చుట్టూ విషపు చాక్‌పీసు గీస్తాం, ఆ సంగతి వాడికి గుర్తు లేదు. నీళ్ళకి సీసా మూత పెట్టాడు.

నేను రెండోసారి మూత తీసి నిదానంగా చూసేసరికి ఆ పిల్ల ఒక పక్కకి ఒరిగి ఉంది. కళ్ళ చుట్టూ పొట్టు అంటుకుని ఉంది. ముందు కుడి కాలి వేలు ఒకటి నల్లగా వాచిపోయింది. దగ్గరగా చూస్తే వేలికి దూది పోగు బిగుసుకుపోయి ఉంది. మిల్లులో ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నాను. పోగు వేలికి చుట్టుకుంటే ఎలా కోస్తుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కత్తెర తెచ్చి తీద్దామని చూశాను. అది చర్మంలోకి దిగిపోయింది. చెయ్యి పెట్టడానికి ధైర్యం చాల్లేదు.

ఇంట్లో జరిగిన పంచాయితీ

మా ఆయన డ్యూటీకి పోబోతూ ఈ మాట విని తల పట్టుకున్నాడు. "ఉడుముని పెట్టుకుంటే జైలంట. చీకటి పడినాక ఆ చెరువు గట్టు మీద వదిలేసి రారా" అన్నాడు మావాడితో. ఈ మాట గోడ అవతల పోయింది. లైనులో ఏ మాటా దాగదు కదా. ఒకతను వచ్చి "వదిలేయడం ఎందుకక్కా, నాకియ్యండి, రెండు వేలిస్తా, నొప్పుల నూనె చేసేవాళ్ళు తీసుకుంటారు" అన్నాడు.

అద్దెకి ఇంకా పద్దెనిమిది వందలు తగ్గి ఉన్న నెల అది. ఒక్క క్షణం నా మనసు ఆ రెండు వేల మీదికి పోలేదని చెబితే అబద్ధం. అయితే మావాడు నా ముఖం చూస్తున్నాడు. కుక్కల నోట్లోంచి తీసుకొచ్చినోడు.

అప్పుడు మా అత్తమ్మ అనింది: "చెయ్యి వస్తే చాలు, ఉడుము వద్దు అన్నారే పెద్దోళ్ళు. బొక్కలో చెయ్యి పెట్టినోడికి ముందు చెయ్యి బయటికి రావాల. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు, మనకీ మంచిది, దానికీ మంచిది."

మా పక్కింటి కన్నడ ఆమె ఫోను నుంచి 1926కి చేశాము. అది కర్ణాటక అటవీ శాఖ సహాయవాణి. ఎక్కడ, ఏ జంతువు, గాయం ఉందా అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సాయంత్రానికి ఒక వాచరు, ఆయనతో ఇంకో కుర్రాడు గోనె సంచీ, గాలి కన్నాలున్న డబ్బా పట్టుకుని వచ్చారు.

అడుగున ఏముండాలి?

వాచరు పెద్దాయన. హోసూరు దగ్గర పుట్టిన మనిషి, తెలుగు బాగా వచ్చు. డ్రమ్ములోకి చూసి, ఎం-శాండ్ ఒక గుప్పెడు తీసి పిడికిట్లో పిసికి వేళ్ళు తెరిచాడు. అంతా జారిపోయింది. తర్వాత మా తులసి కుండీలోంచి తడి ఎర్రమట్టి కొంచెం తీసుకుని పిసికి చూపించాడు. ముద్దగా నిలబడింది. నీళ్ళు కారలేదు.

"ఇదమ్మా దానికి కావలసింది" అన్నాడు. "ఉడుము నేల మీద బతికే జంతువు కాదు, నేలలో బతికే జంతువు."

ఆయన చెప్పిందీ, తర్వాత మావాడు సైన్సు టీచర్ని అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకుందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఉడుముకి బొక్క ఇల్లు మాత్రమే కాదు, నీళ్ళ కుండ లాంటిది కూడా. పైన ఎంత ఎండ ఉన్నా బొక్క లోపల చల్లగా, తేమగా ఉంటుంది. ఎండలో కాగి వచ్చి అక్కడ పడుకుంటే ఒంట్లో నీరు ఆవిరి కాకుండా నిలుస్తుంది. ఆ తేమ లేకపోతే రోజూ కొంచెం కొంచెంగా ఎండిపోతుంది. కిడ్నీలు దెబ్బతిని, యూరిక్ యాసిడ్ కీళ్ళలోనూ లోపలి అవయవాల్లోనూ పేరుకుంటుంది. మనవాళ్ళకి కాలి బొటనవేలికి వచ్చే గౌట్ నొప్పి లాంటిదే దానికీ వస్తుంది. బయటికి మాత్రం "మందంగా ఉంది, సాధువుగా ఉంది" అన్నట్టు కనిపిస్తుంది. పిల్లలు మాలిమి అయిందనుకుంటారు. నిజానికి అది జబ్బు.

అందుకే మావాడు వేసినవేవీ పనికిరావు:

న్యూస్‌పేపరులో తవ్వడానికి ఏమీ లేదు. దూది, నూలు వేస్టు, పాత గుడ్డ పీలికలు వేళ్ళకీ గోళ్ళకీ చుట్టుకుంటాయి, తిండితో పాటు కడుపులోకి పోతాయి. మిల్లు మనుషులం మనం, ఏ పిల్లి పిల్లకో కుక్కపిల్లకో పరుపు చేసేటప్పుడు కూడా ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి. రంపపు పొట్టు తేమని పీల్చేసి గాలిని ఎండబెడుతుంది, దుమ్ము కళ్ళలో ముక్కులో పడుతుంది. మాంసం ముక్కకి అంటుకుని లోపలికి పోతే పేగు అడ్డం పడుతుంది. ఎం-శాండ్ అంటే రాయిని మరలో పిండి చేసిందే. అంచులు పదును, దుమ్ము ఎక్కువ, బొక్క తవ్వితే నిలవదు. నది ఇసుక ఒక్కటే పొడిగా వేసినా అంతే, కూలిపోతుంది.

మరి మట్టి వేస్తే సరిపోతుందా అని మావాడు అడిగాడు. వాడు అడిగింది న్యాయమే. అమెరికా, యూరపుల్లో ఆఫ్రికా సవన్నా ఉడుము లాంటి వాటిని చట్టప్రకారం పెంచేవాళ్ళున్నారు. వాళ్ళలో తెలిసినవాళ్ళు చెప్పే కొలత ఏమిటంటే, పెద్దదైన జంతువుకి కనీసం 8 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు ఉన్న పెట్టె, అందులో 2 అడుగుల లోతు మట్టీ ఇసుకా కలిపిన తేమ నేల. ఒక మూల ఒంటిని కాచుకోవడానికి బాగా వేడెక్కే రాయి, ఇంకో మూల చల్లదనం. అది కూడా మన ఉడుము కన్నా చిన్న జాతికి.

మావాడితో అక్కడే లెక్క చేయించాను. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు, రెండుతో పెట్టి 64 ఘనపుటడుగులు. తడి మట్టి ఘనపుటడుక్కి 40 కిలోలకి తక్కువ ఉండదు. అంటే రెండున్నర టన్నులు. ట్రాక్టరు ట్రక్కులో సగానికి పైగా మట్టి. మా గది పది అడుగులు, పది అడుగులు. నలుగురం పడుకుంటాం. మట్టి పెడితే మేము బయట పడుకోవాలి. వాడు లెక్క వేసి పెన్సిలు కింద పెట్టేశాడు.

మన ఉడుము పెద్దదైతే తోకతో కలిపి ఐదడుగులు కూడా దాటుతుంది. మనిషి దగ్గర ఇరవై ఏళ్ళ దాకా బతికినవి ఉన్నాయి. ఈ రోజు డ్రమ్ములో పెట్టిన తొమ్మిదో తరగతి పిల్లోడికి అప్పటికి పెళ్ళై పిల్లలుంటారు.

తిండి సంగతి

ఉడుము మాంసం తింటుంది, కాబట్టి చికెన్ పెడితే చాలు అని చాలామంది అనుకుంటారు. ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది.

అది పొలంలో పొద్దంతా తిరుగుతూ ఆకు తిప్పి, పేడ తిప్పి, రాయి సందులో ముక్కు పెట్టి తింటుంది. పేడపురుగులు, మిడతలు, జెర్రులు, తేళ్ళు, నత్తలు, పీతలు, కప్పలు, ఎలుకలు, పక్షి గుడ్లు, చచ్చిన జంతువులు. పిల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా పురుగులే. మొత్తం జంతువునే మింగుతుంది కాబట్టి ఎలుక ఎముక, నత్త గుల్ల, పీత డిప్ప అన్నీ కడుపులోకి పోతాయి. సున్నం, అదే కాల్షియం, దానికి అక్కడ దొరుకుతుంది.

ఎముక తీసిన చికెన్‌లో ఆ కాల్షియం లేదు, భాస్వరం ఉంది. రోజూ అదే పెడితే ఒళ్ళు కాల్షియం కోసం తన ఎముకల్నే కరిగించుకుంటుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంగుతాయి, వణుకు వస్తుంది. దానికి తోడు ఎండ లేకపోతే విటమిన్ డి తయారు కాదు, తిన్న కాల్షియం కూడా ఒంటికి పట్టదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ చాలదు, ఎందుకంటే ఆ పని చేసే కిరణాన్ని అద్దం ఆపేస్తుంది. అలాగని ప్లాస్టిక్ డ్రమ్ముని తీసుకెళ్ళి ఎండలో పెడితే నీడ దొరక్క గంటలోపే ఉడికి చస్తుంది. చిన్నపిల్లలకి ఎండ తగలకపోతే కాళ్ళు దొడ్డి అవుతాయని అంగన్‌వాడీలో చెబుతారు చూడండి, అదే జబ్బు ఇది.

పాలు దానికి అరగవు. అన్నం, బన్ను, రొట్టె దాని కడుపుకి సంబంధించినవే కావు. మందు చల్లిన పొలం మిడత, విషపు చాక్‌పీసు తొక్కిన బొద్దింక దానికి పెట్టడమంటే విషం పెట్టినట్టే. ఆఖరికి "మంచిగా మేపుతున్నాం" అని రోజూ ఎలుకలు పెట్టేవాళ్ళ దగ్గర కూడా అది బాగుపడదు. అడవిలో ఒక పురుగు కోసం ఎంతో దూరం నడిచే జంతువు, పెట్టెలో కూర్చుని తింటే కొవ్వు పట్టి కాలేయం చెడిపోతుంది. సవన్నా ఉడుముని సొంత దేశం ఘనాలో చూసినవాళ్ళు అది పురుగులు, నత్తలు తిని బతుకుతుందని రాశారు. పెట్టెల్లో ఎలుకలు తిని లావెక్కినవి మాత్రం తొందరగా పోతున్నాయి.

మన ఇంటి వైపు నుంచి ఇంకొకటి చూడాలి. పాకే జంతువుల ఒంటి మీద, పేడలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటుంది. జంతువుకి దానితో ఇబ్బంది ఉండకపోవచ్చు, మనిషికి మాత్రం విరేచనాలు, జ్వరం వస్తాయి. ఐదేళ్ళలోపు పిల్లలకి మరీ ప్రమాదం. మా డ్రమ్ము ఉన్నది లైనంతా గిన్నెలు కడిగే కుళాయి పక్కన. ఎదురింట్లో పాకే పాప ఉంది. ఆ సాయంత్రం ఆ డ్రమ్ముని బ్లీచింగు పౌడరుతో కడిగి కడిగి నా చేతులు మండాయి.

చట్టం ఏమంటుంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. పులి, ఏనుగు ఉన్న షెడ్యూలే అది. పట్టుకోవడం, పెంచడం, అమ్మడం, చంపడం, మాంసం తినడం, తోలు దగ్గర పెట్టుకోవడం అన్నీ నేరమే. శిక్ష 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ దాకా జైలు. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. దాంతో జరిమానా 25,000 రూపాయలకి తగ్గకూడదు. అటవీ జంతువు ప్రభుత్వ ఆస్తి కిందికి వస్తుంది. ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లో పోలీసు స్టేషనుకో అటవీ అధికారికో చెప్పాలి.

మాది ఆరు రోజులయింది. వాచరు పేరూ ఊరూ రాసుకున్నాడు. ఎక్కడ దొరికింది, ఎన్నాళ్ళు ఉంచారు, ఏం పెట్టారు అని మావాడిని కూర్చోబెట్టి అడిగాడు. గట్టిగా చీవాట్లు పెట్టాడు. కేసు కాలేదు. అందరికీ ఇలాగే అవుతుందని నేను మాట ఇవ్వను, అది అధికారి చేతిలో ఉండే సంగతి. అయితే ఒకటి నిజం. దాచిన ప్రతి రోజూ మన మెడకే చుట్టుకుంటుంది. మా ఆయన చెప్పినట్టు చీకట్లో వదిలి ఉంటే పోగు బిగిసిన ఆ పిల్ల ఎక్కడో చచ్చేది, మా భయం మాత్రం అలాగే ఉండేది. ఆ రెండు వేలు తీసుకుని ఉంటే ఈ రోజు ఈ వ్యాసం రాసే స్థితిలో ఉండేదాన్ని కాదు.

నొప్పుల నూనె గురించి కూడా చెప్పాలి. పండగ జాతరల్లో రోడ్డు పక్కన బల్లి జాతి జంతువుల్ని పెట్టుకుని నూనె అమ్మేవాళ్ళని చూస్తుంటాం. రోజంతా నిలబడి పని చేసేవాళ్ళం, మోకాళ్ళ నొప్పులు మనకే ఎక్కువ, కొనేదీ మనమే. అందులో ఏ మందు గుణమూ రుజువు కాలేదు. 2017లో ఇంకో మోసం బయటపడింది. పూజలో పెట్టుకుంటే డబ్బు వస్తుందని "హత్తా జోడి" పేరుతో ఏదో చెట్టు వేరని అమ్ముతున్నది, నిజానికి మగ ఉడుము మర్మాంగాన్ని కోసి ఎండబెట్టింది. కచేరీల్లో వాయించే కంజీరకి కూడా పాత రోజుల్లో ఉడుము తోలే కట్టేవాళ్ళు. ఇప్పుడు వేరే తోళ్ళతో కట్టుకుంటున్నారు. తోలుకీ నూనెకీ మాంసానికీ ఇలా అన్ని వైపుల నుంచీ పోతుంటే చట్టం అంత గట్టిగా ఉండక ఏం చేస్తుంది?

విదేశీ జాతి అయితే పరవాలేదు కదా అని అడిగే పిల్లలున్నారు. బయటి దేశపు ఉడుములు కూడా అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్నవే. వాటిని దగ్గర పెట్టుకున్నవాళ్ళు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో నిబంధనలు వచ్చాయి. ఫోనులో బేరం పెట్టి సంచీలో తెచ్చిచ్చే మనిషి ఆ కాగితాలు ఇవ్వడు.

మీ ఇంట్లోకి ఉడుము వస్తే

వానాకాలంలో గుంతలు నిండినప్పుడు, జేసీబీలు రాళ్ళు కదిపినప్పుడు ఉడుము ఇంటి వైపు రావచ్చు. ఎలుకలున్న చోటికి తిండికి వస్తుంది. కోళ్ళ గంపలో గుడ్లు కూడా తింటుంది, కాదనను. అయితే అది మన మీద పడి కరిచే రకం కాదు, దారి చూపిస్తే పారిపోతుంది.

పిల్లల్నీ కుక్కల్నీ దూరం పెట్టండి. వీధి వైపు తలుపు తెరిచి, మిగతా తలుపులు మూసి, నిదానంగా ఉండండి. మూలకి తోసి చీపురుతోనో కర్రతోనో కొట్టకండి. తోకతో కొట్టగలదు, గోళ్ళతో చీరగలదు. పోకపోతే, లేదా గాయం ఉంటే 1926కి ఫోను చేయండి. కర్ణాటకలో ఎక్కడి నుంచైనా ఇదే నంబరు. పోలీసులకైతే 112. బెంగళూరులో కెంగేరి వైపు పీపుల్ ఫర్ యానిమల్స్ వాళ్ళ వన్యప్రాణుల ఆస్పత్రి కూడా ఉంది. వాళ్ళు వచ్చేదాకా తిండి పెట్టకండి, ఒంటి మీద నీళ్ళు పొయ్యకండి. నీడలో, చప్పుడు లేని చోట ఉంచితే చాలు.

ఒకవేళ కరిస్తే విషం ఎక్కి చస్తామని భయపడొద్దు, మంత్రం వేయించుకోవడానికీ పోవద్దు. అది మనిషిని చంపే కాటు కాదు. అయితే పట్టు గట్టిది, గాయం లోతుగా అవుతుంది, చీము పట్టే అవకాశం ఎక్కువ. కుళాయి నీళ్ళ కింద సబ్బుతో బాగా కడిగి, అదే రోజు ఆస్పత్రికి పోయి ధనుర్వాతం సూది వేయించుకోండి.

తర్వాత ఏమైంది?

మూడు వారాల తర్వాత మావాడి పోరు పడలేక ఆ వాచరుకి ఫోను చేశాను. పోగు కోసి తీసేశారంట. వేలు మాత్రం దక్కలేదు, తీసేయాల్సి వచ్చింది. రెండు రోజులు నీళ్ళు ఎక్కించాక కళ్ళు తెరిచింది. తర్వాత పురుగులు వేస్తే తనే పట్టుకుని తినింది. మిగతా వేళ్ళతో చెట్టెక్కుతోందని చూసుకుని బన్నేరుఘట్ట అడవి అంచున వదిలేశారు. ఎక్కడ వదిలారో చెప్పమంటే చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

మావాడు అది విని సంతోషపడతాడనుకున్నాను. "వేలు పోయిందా మా?" అన్నాడు. అంతే. ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు.

చెయ్యి వస్తే చాలు, ఉడుము వద్దు అన్న సామెతలో చిక్కుకున్న చెయ్యి మనిషిది. మా ఇంట్లో చిక్కుకున్నది ఉడుము చెయ్యి, అది కూడా నా దూది పోగులో. వాడికి ప్రేమ తక్కువై అలా కాలేదు. డ్రమ్ములో పెట్టాక ఎంత ప్రేమించినా దానికి కావలసిన నేల, దానికి కావలసిన తిండి మన దగ్గర లేవు. అవి ఆ రాళ్ళ గుట్టలో ఉండేవి. ఇప్పుడు అక్కడ పునాది లేస్తోంది.

మిగిలిన దూది వేస్టుతో రెండు దిండ్లు కుట్టాను. ఆ డ్రమ్ముకి అడుగున కన్నాలు పెట్టి, సైటు వాళ్ళనడిగి ఎర్రమట్టి తెచ్చి నింపి మావాడు కరివేపాకు మొక్క పెట్టాడు. పోయిన ఆదివారం దాని ఆకులతోనే పోపు పెట్టాను.